చెన్నైలో ఓడెక్కిన 27 టన్నులు జర్మనీలో ఎందుకు ఆగాయి: ఒక గ్రానైట్ కంటైనరు కేస్ స్టడీ

రోటర్‌డామ్ రేవులో దిగి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ వైపు బయల్దేరిన ఒక 20 అడుగుల కంటైనరును జర్మనీలో ఏ61 మోటార్‌వే మీద తనిఖీ సిబ్బంది పక్కకు తీయించారు. కాటా మీద బండి మొత్తం బరువు 42.5 టన్నులు వచ్చింది. అక్కడి పరిమితి 40. పెట్టెలో ఉన్నది మన ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ స్లాబులు.

ఆ బండిని నడిపింది మేం కాదు. ఈ గొడవ తర్వాత సరుకు కొనే స్విస్ రాతి పనుల సంస్థ రవాణా ప్రణాళికను మాకు అప్పగించింది. దాంతో కాటా చీటీ నుంచి చెన్నైలో కట్టిన కాగితాల దాకా మొత్తం నా బల్ల మీదికి వచ్చింది. నేను నెదర్లాండ్స్‌లో కంటైనర్ల రోడ్డు, రైలు, పడవ రవాణా ప్లానింగ్ చేస్తాను. మాది ఒంగోలు ప్రాంతమే కావడంతో రెండో కొసన ఉన్న మనుషులతో తెలుగులో మాట్లాడే వీలుంది. ఈ కేసులో అది చాలా పనికొచ్చింది. కొన్నవారి పేరు, అమ్మినవారి పేరు, ముందు నడిపిన రవాణాదారు పేరు ఇక్కడ రాయడం లేదు. అంకెలు చాలు.

42.5 ఎక్కడి నుంచి వచ్చింది

స్లాబులు 27.0 టన్నులు. వాటిని నిలబెట్టే చెక్క ఫ్రేములు, దుంగలు, బెల్టులు 0.4. ఖాళీ కంటైనరు 2.3. ఇవన్నీ కలిస్తే పెట్టె బరువు 29.7 టన్నులు. దాని కింద సాగదీసుకునే రకం మల్టీ చాసిస్, అంటే పెట్టెను మోసే చక్రాల ఫ్రేము, 5.2. రెండిరుసుల ట్రాక్టరు, డ్రైవరుతో, నిండు డీజిల్ ట్యాంకులతో 7.6. కూడితే 42.5.

ఇందులో దొంగ లెక్క ఒక్కటీ లేదు. కంటైనరు పలక మీద రాసిన గరిష్ఠం 30,480 కిలోలు. పెట్టె దానికి లోబడే ఉంది. 2016 జూలై 1 నుంచి సోలాస్ (ఓడల భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందం) నిబంధన ప్రకారం ప్రతి పెట్టెకూ తూచిన స్థూల బరువు ప్రకటించకుండా ఓడ ఎక్కించరు. మన వాళ్లు దాన్ని వీజీఎం అంటారు. ఈ పెట్టె వీజీఎం కాగితానికీ కాటాకూ తేడా లేదు. చీమకుర్తి నుంచి చెన్నై రేవు దాకా ఇబ్బంది లేదు, ఓడలో ఇబ్బంది లేదు. రోటర్‌డామ్ గేటు దాటాక కూడా లేదు, ఎందుకంటే నెదర్లాండ్స్‌లో ఇరుసుల లెక్క కుదిరితే 50 టన్నుల దాకా నడుస్తుంది. వెన్లో దగ్గర జర్మనీలోకి అడుగుపెట్టగానే అదే బండి, అదే డ్రైవరు, అదే రోడ్డు ఉపరితలం, కానీ 2.5 టన్నుల ఓవర్‌లోడు. శాతంలో 6.25. సరిహద్దులో గేటు లేదు, కాటా లేదు, ఆపేవాళ్లు లేరు. దారి మధ్యలో ఎక్కడో ఆపుతారు.

ఆపాక జరిగింది ఇంకా ఖరీదైన భాగం. ఎక్కువైన బరువు దింపాకే కదలాలని ఆదేశం. బియ్యం బస్తాలైతే రెండో లారీ తెచ్చి పంచుకోవచ్చు. 2.8 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న బ్లాక్ గెలాక్సీ స్లాబు ఒక్కోటి దాదాపు 320 కిలోలు. క్రేను, సి-హుక్కు, స్లాబులు పట్టుకునే అలవాటున్న మనుషులు లేకుండా పార్కింగ్ స్థలంలో ఫ్రేము విప్పితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. చివరికి పెట్టెను దగ్గరలోని రైన్ నది టెర్మినల్‌కు చేర్చి, మొత్తంగా దింపేసి, అక్కడి నుంచి కంటైనరు పడవలో బాసెల్‌కు పంపారు. సుంకం కట్టకుండా దేశాలు దాటే టీ1 కాగితాన్ని మధ్యలో సవరించుకోవాల్సి రావడం, జరిమానా, టెర్మినల్ అద్దె అన్నీ కొన్నవారి మీదే పడ్డాయి. అయితే ఆ పడవ ప్రయాణాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

“ఓడలో వచ్చింది కదా, 44 ఎక్కించొచ్చు”

ముందటి రవాణాదారు జరిమానాను ప్రశ్నిస్తూ రాసిన లేఖ ఫైల్లో ఉంది. వాదన ఇది: సరుకు సముద్రం మీద వచ్చింది, ఇప్పుడు లారీలో పోతోంది, అంటే ఇంటర్‌మోడల్ (ఒకే పెట్టె ఓడ, రైలు, లారీ మార్చుకుంటూ సాగే రవాణా); ఇంటర్‌మోడల్‌కు 44 టన్నులు. ఈ వాదన నేను చాలామంది నోట విన్నాను. సగం నిజం కాబట్టే ప్రమాదం.

యూరోపియన్ యూనియన్ 1996లో తెచ్చిన 96/53 డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ అమలు చేయాల్సిన చట్టం) అంతర్జాతీయ రవాణాకు ఉమ్మడి కొలతలు పెట్టింది. ఐదు లేదా ఆరు ఇరుసుల ఆర్టిక్యులేటెడ్ బండికి (ట్రాక్టరు, దానికి తగిలించిన ట్రెయిలరు) 40 టన్నులు, ఎత్తు 4 మీటర్లు, వెడల్పు 2.55 (శీతల బండ్లకు 2.60), పొడవు 16.5 మీటర్లు. ఇంజను తిప్పే డ్రైవ్ ఇరుసు మీద 11.5 టన్నులకు మించకూడదు. 2015లో వచ్చిన 719వ సవరణ ఇంటర్‌మోడల్‌కు వెసులుబాటును స్పష్టం చేసింది. కంటైనరు మోసే రెండిరుసుల ట్రాక్టరు, మూడిరుసుల ట్రెయిలరు కలయికకు 42; మూడిరుసుల ట్రాక్టరుకు 44. పైగా జర్మనీ తన సొంత నిబంధనల్లో రైలు, పడవ టెర్మినళ్లకు సరుకు చేర్చే బండ్లకు 44 దాకా ఇస్తుంది.

కానీ ఇంటర్‌మోడల్ అంటే ఏమిటో కూడా ఆ డైరెక్టివ్‌లోనే రాసుంది. నీటి మార్గం వాడిన రవాణా అయితే యూనియన్ భూభాగంలో మొదటి లేదా చివరి రోడ్డు అంగ (లారీ మీద నడిచే భాగం) 150 కిలోమీటర్లు దాటకూడదు. దూరం పెంచే మినహాయింపులు దగ్గరలోని తగిన టెర్మినల్ చేరడం కోసమే. రోటర్‌డామ్ నుంచి బాసెల్ రోడ్డు మీద సుమారు 700 కిలోమీటర్లు ఉంటుంది. మొత్తం లారీలోనే పోతే దాన్ని ఎవరూ చివరి అంగ అనరు. తనిఖీ సిబ్బంది అడిగింది కూడా అదే: ఏ టెర్మినల్ నుంచి, ఏ టెర్మినల్‌కు, రిజర్వేషన్ కాగితం చూపించు. డ్రైవరు దగ్గర సముద్రపు బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కిన సరుకు రసీదు) నకలు మాత్రం ఉంది. పాపం, అతన్ని అనడానికి ఏమీ లేదు.

అదే సవరణలో మన ఎగుమతిదారులు చదవాల్సిన మరో అంశం ఉంది. కంటైనరు బరువెంతో రాతపూర్వకంగా రవాణాదారుకు ఇచ్చే బాధ్యతను సరుకు పంపేవారి మీద పెట్టేలా సభ్యదేశాలు నిబంధనలు చేయాలి. ఇక్కడ ఇచ్చారు కూడా: 29.7. ఆ అంకె చూసి కూడా రెండిరుసుల ట్రాక్టరును, బరువైన చాసిస్‌ను పంపి జర్మనీ మీదుగా నడిపిన ప్లానింగ్‌లోనే తప్పంతా ఉంది.

జర్మనీని తప్పించి పోతే?

కొన్నవారు మాతో తొలి సమావేశంలో అడిగిన ప్రశ్న ఇది. పటం ముందు పెట్టుకుంటే ఆశ పుడుతుంది. బెల్జియంలో 44, లక్సెంబర్గ్‌లో 44, ఫ్రాన్స్‌లో 2013 జనవరి నుంచి ఐదిరుసుల బండికి 44. అంటే మెట్స్, స్ట్రాస్‌బూర్గ్ మీదుగా బాసెల్ గుమ్మం దాకా 42.5 టన్నులు ఏ ఒక్క దేశపు పరిమితినీ దాటదు.

రెండు అడ్డంకులు. మొదటిది, ఆ 44లు దేశీయ రవాణాకు ఇచ్చినవి. సరిహద్దు దాటే బండికి డైరెక్టివ్ ప్రకారం 40. రెండు పక్కపక్క దేశాలూ 44 ఒప్పుకుంటే వాటి మధ్య నడవొచ్చా అన్నది ఏళ్ల తరబడి నలుగుతున్న వివాదం. 2012లో యూరోపియన్ కమిషన్ దానికి అనుకూలంగా వ్యాఖ్యానం ఇచ్చింది. దాన్ని చట్టంలో తేటగా రాయాలని 2023 జూలైలో ప్రతిపాదన పెట్టింది. వ్యాఖ్యానం మీద ఆధారపడి నేను డ్రైవరును రోడ్డు మీదికి పంపను. రెండో అడ్డంకికి వాదనే లేదు: బాసెల్ దాటగానే స్విట్జర్లాండ్, అక్కడ మామూలు రోడ్డు రవాణాకు 40. యూనియన్ సభ్యత్వం లేని ఆ దేశం 2000 చివరి దాకా 28 టన్నులకే కట్టుబడి ఉండేది. 2001లో 34, 2005లో 40 చేసింది. అంతటితో ఆగింది.

అందుకే మా ఆఫీసులో ఏ దారికైనా మొదట రాసేది ఆ దారిలో ఉన్న అతి చిన్న అంకె. చెక్ దేశంలో 48, స్వీడన్‌లో 64 (ఎంపిక చేసిన రోడ్ల మీద 74), ఫిన్లాండ్‌లో 76 అని చదివి ఉత్సాహపడేవాళ్లుంటారు. అవి ఇరుసులు ఎక్కువున్న పొడవాటి బండ్ల కోసం, ఆ దేశాల లోపల తిరగడానికి. పోలండ్ చేరాక 40కి రావాల్సిందే.

చట్టపు పరిమితికి తోడు వంతెనల బాధ ఒకటి. 2016 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని ఏ27 మీద మెర్వేడ వంతెనను ఉన్నపళంగా 3.5 టన్నులు దాటిన బండ్లకు మూసేశారు. లెవర్‌కూజెన్ దగ్గర ఏ1 రైన్ వంతెన మీద లారీలు పోకుండా కొన్నేళ్లపాటు గేట్లే పెట్టారు. ఏ45 మీద రామెడె లోయ వంతెన 2021 డిసెంబరులో మూతపడి, 2023 మేలో పేల్చివేతతో ముగిసింది. 1960, 70ల నాటి వంతెనలు ఇవి, ఇన్ని బండ్లు వస్తాయని ఊహించి కట్టినవి కావు. బండి 39.9 టన్నులున్నా ఆ రోజు ఆ వంతెన ఎంత మోస్తానంటోందో చూసుకోకపోతే లాభం లేదు.

ఇరుసుల లెక్క

40 గురించి అందరూ మాట్లాడతారు. నా అనుభవంలో గ్రానైటు లాంటి చిక్కటి సరుకుకు ముందు తగిలేది ఇరుసు పరిమితి.

పై బండినే తీసుకుందాం. కింగ్‌పిన్ (ట్రెయిలరును ట్రాక్టరుకు తగిలించే ఇనప మేకు) నుంచి వెనక మూడిరుసుల మధ్య బిందువుకు దూరం 7.6 మీటర్లు. పెట్టె మధ్య బిందువు కింగ్‌పిన్‌కు 5.2 మీటర్ల వెనక. పెట్టె బరువు రెండు కొసలకూ పంచితే వెనక ఇరుసుల మీద 20.3, కింగ్‌పిన్ మీద 9.4. చాసిస్ సొంత బరువు కలిపితే వెనక 24.0, కింగ్‌పిన్ 10.9. ట్రాక్టరు ముందు ఇరుసు మీద సుమారు 7.1, డ్రైవ్ ఇరుసు మీద 11.4. మూడిరుసుల సమూహానికి, ఇరుసుల మధ్య 1.3 నుంచి 1.4 మీటర్ల దూరం ఉంటే, 24 టన్నులు గరిష్ఠం. డ్రైవ్‌కు 11.5. అంటే రెండు చోట్లా గీత మీద నిలబడి ఉంది.

పెట్టె బరువు కేంద్రం 10 సెంటీమీటర్లు వెనక్కి పోతే దాదాపు 390 కిలోలు వెనక ఇరుసుల మీదికి మారతాయి, 24 దాటింది. అదే ముందుకు జరిగితే డ్రైవ్ ఇరుసు దాటింది. చాసిస్ మీద పెట్టె మూలలను బిగించే ట్విస్ట్‌లాకుల స్థానాలు స్థిరం, పెట్టెను జానెడు అటూ ఇటూ సర్దడం కుదరదు. దింపుకునే చోట మాత్రం “డోరు చాసిస్ చివరికి రావాలి” అంటారు. అలా చివరికి పెడితే ముందు తేలికవుతుంది, అప్పుడు ఇంకో నిబంధన మీద పడుతుంది: అంతర్జాతీయ రవాణాలో మొత్తం బరువులో కనీసం 25 శాతం డ్రైవ్ ఇరుసుల మీద ఉండాలి. వాన పడ్డ ఎత్తు మీద చక్రం జారకుండా పెట్టిన నిబంధన అది, సరైనదే.

ఇప్పుడు పెట్టె లోపలికి చూద్దాం. 27 టన్నుల గ్రానైటు ఘనపరిమాణం 9 ఘనమీటర్ల చిల్లర. 20 అడుగుల పెట్టెలో 33 పడతాయి. మూడోవంతు కూడా నిండదు. స్లాబులను పొడవుకు రెండు బండిళ్ల వరుసలుగా నిలబెడతారు, లోపలి వైపు ఒకటి, డోరు వైపు ఒకటి. ఈ పెట్టెలో లోపల 15 టన్నులు, డోరు వైపు 12 ఉన్నాయి. ఆర్డరులో రెండు మందాల స్లాబులుండటంతో 3 సెంటీమీటర్లవన్నీ ఒకే పక్కకు పోయాయి. ఆ 3 టన్నుల తేడా వల్ల ఇరుసుల మధ్య పంపకం 600 కిలోల దాకా మారిపోతుంది. డోరు వెనక్కి ఉంది కాబట్టి ఆ 600 ట్రాక్టరు మీద పడ్డాయి. డ్రైవ్ ఇరుసు దాదాపు 11.9. మొత్తం బరువు 44 దాకా చెల్లుతుందని ఒప్పించినా ఆ బండి ఆగాల్సిందే. వీజీఎం కాగితంలో ఉండేది ఒకే అంకె. బరువు ఏ కొసన ఉందో అది చెప్పదు.

2021 మే 27 నాటికి సభ్యదేశాలు అధిక బరువు బండ్లను గుర్తించే ఏర్పాట్లు చేయాలని 2015 సవరణ గడువు పెట్టింది. చాలాచోట్ల రోడ్డులోనే పాతిన సెన్సార్లు నడుస్తున్న బండి ఒక్కో ఇరుసునూ తూచి, అనుమానం ఉన్నదాన్ని కాటాకు పిలిపిస్తాయి. మొత్తం బరువు కంటే ముందుగా ఇరుసు బరువే దొరికిపోతుంది.

చీమకుర్తితో మాట

యార్డులో డిస్పాచ్ చూసే పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన మొదటి మాట: “ఓడోళ్లకు లేని బాధ మీకేంది బాబూ? పెట్టె మీద 30,480 అని రాసుంది గదా.”

“అది పెట్టె మోయగలిగేది బాబాయ్, రోడ్డు మోయనిచ్చేది కాదు.”

ఆయన వైపు న్యాయం ఉంది. సముద్రపు కిరాయి పెట్టెకింత అని. టన్నుకింత అని కాదు. 27 బదులు 24 ఎక్కిస్తే చదరపు మీటరుకు ఖర్చు పెరుగుతుంది, ధర మాట్లాడుకున్నది మాత్రం పాతదే. పైగా పెట్టెలో కళ్లెదుట అంత ఖాళీ కనిపిస్తుంటే ఇంకో నాలుగు స్లాబులు పెట్టకుండా తలుపు వేయడం ఎవరికైనా చేతులు రాని పని. 2018లో మన దేశంలో ఇరుసు పరిమితులు పెంచాక చెన్నై దాకా పోయే ట్రెయిలర్లకు ఈ బరువు లెక్కలోనిదే కాదు.

40 టన్నుల దారికి లెక్క ఇద్దరం కలిసి వేశాం. 40 నుంచి ట్రాక్టరు 7.6, చాసిస్ 5.2, పెట్టె 2.3, చెక్క 0.4 తీసేస్తే 24.5. చెక్క తడిస్తే బరువెక్కుతుంది, కాటాల మధ్య తేడాలుంటాయి. 300 కిలోలు వదిలి 24.2 అనుకున్నాం. 27కీ 24.2కీ తేడా 2 సెంటీమీటర్ల స్లాబులు తొమ్మిది. ఇంత గొడవ ఆ తొమ్మిదింటికేనా అని ఆయన నవ్వారు. పది పెట్టెలకు ఒకటి పైన అదనంగా పంపాలి అనేసరికి నవ్వు ఆగింది. 3.6 టన్నుల తేలికపాటి 20 అడుగుల చాసిస్ దొరికితే 26 దాకా కూడా పోవచ్చు. కానీ రవాణాదారులు అన్ని సైజుల పెట్టెలకూ పనికొచ్చే చాసిస్‌లే కొంటారు, తేలికవి అడిగిన రోజున దొరకవు. ట్యాంకు సగమే నింపి 300 కిలోలు మిగిల్చే పద్ధతి కూడా ఉంది. డ్రైవర్లు చేస్తారు. దాన్ని ప్లానులో రాసుకోవడం నాకిష్టం లేదు.

అప్పుడాయన అడిగారు: “40 అడుగుల హైక్యూబ్‌లో పరిచి పంపితే బరువు సర్దుకోదా?” మంచి ప్రశ్నే. హైక్యూబ్ అంటే మామూలు దానికంటే అడుగు ఎత్తైన పెట్టె. దానికి సమాధానం బరువులో సగం, ఎత్తులో సగం ఉంది.

ఎత్తు: 4 మీటర్లు ఎక్కడ మిగులుతాయి

40 అడుగుల హైక్యూబ్ ఖాళీ బరువే 3.8 టన్నులు, 20 అడుగుల దానికంటే టన్నున్నర ఎక్కువ. ఇరుసుల పంపకం బాగుపడుతుంది, మోసే రాయి మాత్రం తగ్గుతుంది. దాని ఎత్తు 9 అడుగుల 6 అంగుళాలు, అంటే 2.896 మీటర్లు. 4 మీటర్లలోంచి తీసేస్తే కింద మిగిలేది 1.10. మామూలు యూరోపియన్ ట్రాక్టర్లలో ఫిఫ్త్ వీల్ (ట్రెయిలరు ముందు భాగం కూర్చునే పళ్లెం) ఎత్తు 1.15 చుట్టూ ఉంటుంది. నేరుగా కూర్చోబెడితే కప్పు 4 మీటర్లు దాటేసింది. హైక్యూబ్ అడుగున ముందు భాగంలో ఉండే సొరంగం లాంటి ఖాళీలోకి చాసిస్ మెడ దూరేలా గూస్‌నెక్ చాసిస్ చేసేది ఇందుకే. దానితో పాటు ట్రాక్టరు కూడా తక్కువ ఎత్తుది కావాలి. టైరు మార్చినా ఫలితం ఉంటుంది: 315/70 బదులు 315/60 వేస్తే చక్రం వ్యాసార్ధం 3 సెంటీమీటర్ల చిల్లర తగ్గుతుంది. ఎయిర్ సస్పెన్షన్‌ను ర్యాంపు దగ్గర పైకి లేపి, దించడం మరిచి బయల్దేరిన బండి కాగితం మీద 3.98 ఉంటుంది, రోడ్డు మీద 4.05.

ఎత్తు విషయంలో దేశాల మధ్య తేడాలు బరువులంత చిక్కుగా ఉండవు కానీ వింతగా ఉంటాయి. జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీ, పోలండ్ అన్నీ 4 మీటర్లే. ఫిన్లాండ్ 4.40. ఐర్లండ్ 4.65. స్వీడన్‌లో ఎత్తు పరిమితే లేదు, 4.5 మీటర్ల కంటే తక్కువ ఖాళీ ఉన్న చోట బోర్డు పెడతారు. బ్రిటన్‌లోనూ సాధారణ పరిమితి లేదు. 3 మీటర్లు దాటిన బండి క్యాబిన్‌లో డ్రైవరుకు కనబడేలా ఎత్తు రాసి ఉండాలి, 16 అడుగుల 6 అంగుళాల కంటే తక్కువ ఖాళీ ఉన్న వంతెనలకు బోర్డులుంటాయి. అందుకే అక్కడి డబుల్ డెక్ ట్రెయిలర్లు 4.9 మీటర్ల దాకా తిరుగుతాయి. అయినా, కాదు అందుకే, రైల్వే వంతెనలను గుద్దుకోవడంలో ఆ దేశానికి సాటి లేదు. అలాంటి ట్రెయిలరును ఫ్రాన్స్‌లోని కాలే రేవులో దింపితే అది అక్కడి నుంచి జర్మనీకి రాలేదు.

ఈ ఆర్డరుకు 2.591 మీటర్ల మామూలు 20 అడుగుల పెట్టే సరైనదని తేలింది. ఏ ట్రాక్టరు మీద పెట్టినా 4 లోపే. ఎత్తు బాధ ఒకటి పూర్తిగా పక్కకు పోయింది, ఈ వ్యాపారంలో అది చిన్న లాభం కాదు.

ఎంచుకున్న దారి

జరిమానా పడ్డ పెట్టె చివరికి ఎలా చేరిందో అలాగే పంపాలని నిర్ణయించాం. రోటర్‌డామ్‌లో ఓడ దిగిన పెట్టె రోడ్డెక్కకుండానే రైన్ పడవెక్కుతుంది. బాసెల్ క్లైన్‌హ్యూనింగెన్ రేవులో దిగుతుంది. అక్కడి నుంచి జ్యూరిక్ దగ్గరి యార్డుకు 100 కిలోమీటర్ల లోపు. స్విస్ నిబంధనల్లో రైలు లేదా పడవ టెర్మినల్ నుంచి మొదటి, చివరి అంగ నడిపే కంటైనరు బండికి, ఐదిరుసులు ఉంటే, 44 టన్నులు అనుమతి. అదే పెట్టె జర్మనీ మీదుగా లారీలో వస్తే ఆ రోడ్ల మీదే 40కి కట్టుబడాలి. రాయి మారలేదు, అది వచ్చిన దారి మారింది.

ఐదిరుసులకు చట్టం ఒప్పుకున్నా మేం మూడిరుసుల ట్రాక్టరు అడిగాం. అది 1.3 టన్నులు ఎక్కువ బరువు, 8.9. తేలికపాటి 4 టన్నుల చాసిస్ బాసెల్‌లో దొరికింది. 29.7 కలిపితే 42.6. వెనక జంట ఇరుసులకు 18 టన్నుల దాకా పోవచ్చు కాబట్టి 11.5 మీద కత్తిసాము చేయాల్సిన పని లేదు. లోపల 15, బయట 12 లాంటి తేడా వచ్చినా బండి ఆగదు. అలాగని తేడా రానివ్వలేదు: లోపలి వరుసకూ డోరు వరుసకూ 500 కిలోల కంటే ఎక్కువ తేడా ఉండకూడదని, ఒక్కో బండిల్ బరువు ప్యాకింగ్ లిస్టులో విడిగా రాయాలని యార్డుతో ఒప్పందం. పెద్దాయన మొదట విసుక్కున్నారు. తర్వాత బండిళ్ల మీద సుద్దతో బరువు రాయించి ఫొటో పంపడం ఆయనే మొదలుపెట్టారు. మేం అడగలేదు.

స్విట్జర్లాండ్‌లో రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా, ఆదివారాలు, బరువు బండ్లు నడవకూడదు. పడవ ఏ సాయంత్రం చేరినా లారీ మర్నాడు ఉదయమే. రోడ్డుతో పోలిస్తే మొత్తం ప్రయాణం కొన్ని రోజులు పెరిగింది. సముద్రం మీద వారాలు గడిపిన రాయికి అదొక లెక్క కాదని కొన్నవారే అన్నారు.

నది తగ్గినప్పుడు

ఈ పథకంలో బలహీనమైన చోటు ఒకటుంది. దాని పేరు కౌబ్. రైన్ మధ్య భాగంలో అతి తక్కువ లోతున్న ఊరు అది. పడవల వాళ్లంతా అక్కడి నీటి కొలత చూసి లోడు నిర్ణయిస్తారు. అక్కడి అంకె నీటి లోతు కాదు. పడవ దారి లోతు దానికంటే మీటరు పైన ఎక్కువ ఉంటుంది. కొలత 78 సెంటీమీటర్ల చుట్టూ ఉంటే లోటు మట్టం అంటారు. 2018 అక్టోబరులో 25 సెంటీమీటర్లకు పడిపోయింది. 2022 ఆగస్టులో కూడా 40 కంటే బాగా కిందికి పోయింది. అలాంటప్పుడు పడవలు తక్కువ పెట్టెలతో నడుస్తాయి, ఒప్పందంలో రాసిన మట్టం కంటే నీరు తగ్గితే లో-వాటర్ సర్‌చార్జి, ఇంకా తగ్గితే మోయాల్సిన బాధ్యతే ఉండదు.

అప్పుడు రోటర్‌డామ్‌లో 29.7 టన్నుల పెట్టె ఇరుక్కుపోతుంది. 40 టన్నుల దారిలో లారీకి ఎక్కదు. మిగిలింది రైలు. రోటర్‌డామ్ నుంచి బాసెల్ వైపు కంటైనరు రైళ్లున్నాయి, టెర్మినల్ నుంచి చివరి అంగకు 44 అక్కడా వర్తిస్తుంది. కానీ నీళ్లు తగ్గిన రోజున అందరూ రైలు దగ్గరికే పరిగెత్తుతారు. ఆ రైలు మార్గం కూడా అభేద్యం కాదు: 2017 ఆగస్టు 12న రాష్టాట్ దగ్గర సొరంగం పనుల్లో నేల కుంగి, రైన్ లోయ రైలు మార్గం అక్టోబరు 2 దాకా మూతపడింది. అందుకని రైలు స్థలాన్ని ముందే, ఏడాది పొడవునా కొద్దిగా, వాడినా వాడకపోయినా పట్టి ఉంచమని కొన్నవారికి చెప్పాం. ఖర్చు దండగ అన్నారు. సగానికి ఒప్పుకున్నారు.

చిక్కు ఎక్కడంటే, చీమకుర్తిలో పెట్టె తలుపు వేసే రోజుకూ రోటర్‌డామ్‌లో తెరుచుకునే దారి తెలిసే రోజుకూ మధ్య నెల పైన పడుతుంది. ఆ లోపు కౌబ్ మట్టం ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్లు లేరు. కాబట్టి లోడును రుతువును బట్టి మారుస్తున్నాం. శీతాకాలం చివర, వసంతంలో రోటర్‌డామ్ చేరే పెట్టెలకు 27. జూలై చివరి నుంచి నవంబరు దాకా చేరే వాటికి 24.2, అంటే అవసరమైతే ఏ మామూలు లారీ మీదైనా 40 లోపు జర్మనీ దాటగలిగే బరువు. ఆ నెలల్లో పెట్టెలు ఎక్కువ పోతాయి, చదరపు మీటరుకు ఖర్చు పెరుగుతుంది. దాన్ని ఇరుపక్షాలూ చెరిసగం భరించేలా ధరల పట్టికలో రెండు వరుసలు పెట్టించాం. బుకింగ్ ఫారంలో ఇప్పుడు వీజీఎం కంటే పైన ఒక గడి ఉంది: “రోటర్‌డామ్ చేరే నెల”. యార్డులో స్లాబులు ఎన్ని ఎక్కించాలో ఆ గడి చూసి తేలుస్తున్నారు.